దాంపత్యోత్సాహ క్షీణతా నివారణ సంఘం

తూనికలు, కొలతల శాఖ ప్రాంతీయ కార్యాలయం చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఒక సోమవారం ఉదయం పదకొండు గంటల వేళ, ఒక ఉద్యోగి సెలవు చీటీలో నిజం రాశాడు. ప్రాణనష్టం ఏమీ జరగలేదు. హెడ్డు గుమాస్తాగారి కళ్లజోడు కిందపడి ఒక అద్దం మాత్రం పగిలింది.

ఆ కార్యాలయంలో సెలవు కావాలంటే జ్వరం అని రాయాలి. అది అక్కడి మర్యాద. పెళ్లికి వెళ్లినా జ్వరమే, ఇల్లు మారినా జ్వరమే, పక్కూళ్లో ఆటల పోటీలున్నా జ్వరమే. హెడ్డు గుమాస్తాగారి అత్తగారు పోయినప్పుడు ఆయనకు మూడు రోజులు జ్వరం వచ్చింది. ఆ మూడు రోజుల్లో ఉన్నంత హుషారుగా ఆయన్ని ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఇలా అందరూ ఒకే అబద్ధాన్ని ఒకే అక్షరాలతో రాస్తూ ఉండటం వల్ల ఫైళ్లు చూడముచ్చటగా ఉండేవి.

నిజం రాసిన ఆ మహానుభావుడు సీనియర్ ఇన్‌స్పెక్టరు. నలభై నాలుగేళ్లవాడు. బజారులో ఆయన్ని గ్రాముగారు అంటారు. కిలోకి ఒక్క గ్రాము తేడా వచ్చినా తక్కెడ, రాళ్లు, గల్లా మీద కూర్చున్నవాడి ఆత్మవిశ్వాసం అన్నీ కలిపి పట్టుకుపోతారు గనుక ఆ పేరు వచ్చింది. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం తప్ప ఆయనకు మరో విద్య రాదు. అందుకే ఇలా రాశారు: "గత ఎనిమిది మాసములుగా నాకు దాంపత్యోత్సాహము తగ్గియున్నందున, డాక్టరు సలహా మేరకు, చికిత్స నిమిత్తము పది దినములు సెలవు మంజూరు చేయ ప్రార్థన."

హెడ్డు గుమాస్తాగారు మిగిలిన ఒక్క అద్దంలోంచి దాన్ని మళ్లీ చదివి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమోయ్, జ్వరం అని రాసి చావొచ్చుగా?"

"జ్వరం లేదు కదండీ."

"మాకు మాత్రం ఎప్పుడుంది నాయనా?"

అసలు సంగతి అంతకు రెండు రోజుల ముందు డాక్టరమ్మ గదిలో మొదలైంది. ఆవిడ పరీక్షల కాగితాలన్నీ తిరగేసి, "రక్తం బాగుంది. చక్కెర బాగుంది. మగవాళ్లకుండాల్సిన హార్మోను ఉండాల్సినంత ఉంది. నిద్రే లేదు. మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. గ్రాముగారు లెక్కవేసి, పంతొమ్మిది నెలల పదకొండు రోజులన్నారు. బజార్లు పెరిగాయి, ఇన్‌స్పెక్టర్లు తగ్గారు, ముగ్గురి తిరుగుడు ఆయనొక్కడే తిరుగుతున్నారు. ఇంటికొచ్చేసరికి ఒంట్లో మిగిలేది యూనిఫారం ఒక్కటే.

"మందేమీ రాయరా?" అన్నారు గ్రాముగారు దిగులుగా.

రాస్తానని డాక్టరమ్మ చీటీ మీద మూడు ముక్కలు రాసింది. ఒకటి, పది రోజులు సెలవు. రెండు, నిద్ర. మూడు, విషయం భార్యతో చెప్పడం. అప్పటికీ గుణం కనపడకపోతే ఇద్దరూ కలిసి రండి, మాత్రల సంగతి చూద్దాం అంది.

గ్రాముగారు చీటీ చదివి, "మూడోది భోజనానికి ముందా, తర్వాతా?" అని అడిగారు.

"అన్నిటికన్నా ముందు," అంది డాక్టరమ్మ.

అయితే నోటిమాట వేరు, రాతపూర్వకం వేరు. రాతలో సెలవు ఒకటో నెంబరు, భార్య మూడో నెంబరు. వరస తప్పడం గ్రాముగారి రక్తంలో లేదు. పరీక్షలో ఆ రక్తం బాగుందని ఇప్పుడే విన్నారు కదా.

ఇంతకీ ఆయనకి తొందర ఎందుకంటే, ఇంట్లో గడువు పడింది. ఆయన భార్య ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఆ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ బట్టలు కుడుతుంది. ఎనిమిది నెలలుగా మొగుడు గోడ వైపు తిరిగి పడుకుంటుంటే ఆవిడ మొదట అడిగింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ మానేసింది. ఆదివారం నాడు దారం తెంపుతూ, "శనివారం పొద్దున్న బస్సుకి అక్కయ్య దగ్గరికి వెళ్తున్నా. అక్కడ ఏదో కుట్టు దుకాణం చూసిందట. కుదిరితే అక్కడే ఉండిపోతా," అంది.

"ఎన్నాళ్లు?" అన్నారు గ్రాముగారు.

"ఉంటే మీకేంటి, లేకపోతే మీకేంటి?"

ఆవిడ లేకపోతే తను బతకలేనని ఆయనకి ఖాయంగా తెలుసు. ఆ ముక్కే నోట్లోంచి రాలేదు. సెలవు దొరగ్గానే మూడో నెంబరు దాకా వెళ్లి అన్నీ చెప్పేయాలని గట్టిగా అనుకుని, సోమవారం ఆ చీటీ రాశారు.

చీటీ తీసుకెళ్లిన అటెండరు నోట్లో నువ్వుగింజ నానదు. భోజనాల వేళకి కార్యాలయం మొత్తానికి తెలిసిపోయింది. మీరు అనుకుంటున్నట్టు ఎవరూ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మగవాళ్లంతా ఎవరి డబ్బా వాళ్లు మూసుకుని, ఎవరి సీట్లో వాళ్లు చాలా శ్రద్ధగా ఫైళ్లు చదవడం మొదలుపెట్టారు. టైపిస్టమ్మ ఒక్కతే నవ్వింది. ఆ సంగతి రికార్డులో రాయలేదు.

చీటీ మంజూరు చేయడానికి వీల్లేకపోయింది. సెలవు కారణాల జాబితాలో అలాంటి కారణం లేదు. లేని కారణాన్ని ఒప్పుకుంటే రేపు ఇంకొకడు కూడా నిజం రాస్తాడు. అందుచేత చీటీ పెద్దసారుగారి బల్ల మీదికి వెళ్లింది. కార్యాలయానికంతకూ ఆయన అధికారి. మీసం, బొజ్జ, ఉపన్యాసం అనే మూడు గుణాలతో పైకి వచ్చినవారు. మంగళవారం పొద్దున్నే సిబ్బందినంతటినీ హాల్లో నిలబెట్టి మాట్లాడారు.

"సోదరులారా! మన మిత్రుడు ఒక వ్యక్తిగత లోపాన్ని ధైర్యంగా బయటపెట్టాడు. నేను ఆయన్ని అభినందిస్తున్నాను. పేరు చెప్పి ఆయన్ని ఇబ్బంది పెట్టను, అదిగో, ఆ కిటికీ పక్కన నిలబడ్డాయన! ఇది ఒక్కడి సమస్య కాదు. అంటే, ఆ ఒక్కడి సమస్యే, కానీ శాఖ ప్రతిష్ఠకు సంబంధించినది. బజారులో తగ్గుదలను సహించని మనం ఇంట్లో తగ్గుదలను సహిస్తామా? సహించం! అందుకే దాంపత్యోత్సాహ క్షీణతా నివారణ సంఘాన్ని ఏర్పాటు చేస్తున్నాను. అధ్యక్షుణ్ని నేను. కన్వీనరుగా, ఈ రంగంలో అపారమైన అనుభవమున్న మన గ్రాముగారు!"

చప్పట్లు మారుమోగాయి. కన్వీనరు సెలవులో ఉంటే సంఘం నడవదు కనుక పది రోజుల సెలవు అదే కాగితం మీద తిరస్కరించారు. చికిత్స కోసం సెలవడిగితే, చికిత్స సంఘంలో పని పడటం వల్ల సెలవు పోయింది. పరిపాలన అంటే ఏమిటో తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ కనపడదు.

ఆ సాయంత్రం భార్య అడిగింది, ఇంత ఆలస్యమేమని.

"కమిటీ."

"ఏం కమిటీ?"

"సాంకేతికం," అన్నారు గ్రాముగారు. ఆవిడ మళ్లీ మిషను తొక్కుకుంది. శనివారంలోగా తొమ్మిది జతలు ఇచ్చేయాలట. ఆ ఏడాది పని తెగ పెరిగిపోయింది. కొత్త మెడలని, కొత్త నడుములని ఆడవాళ్లు ఒకటే రావడం.

సంఘం మొదటి సమావేశంలోనే ఒక సూత్రం దొరికింది. ప్రమాణం లేకుండా లోపాన్ని కొలవలేం. శాఖ దగ్గర గాజుపెట్టెలో ప్రామాణిక కిలో ఉంది. వెల్వెట్టు గుడ్డ మీద ప్రామాణిక మీటరు ఉంది. ప్రామాణిక భర్త లేడు. ఇన్నేళ్లుగా ఇంత పెద్ద లోటుతో శాఖ ఎలా నెట్టుకొచ్చిందో తలుచుకుని సభ్యులు ముక్కున వేలేసుకున్నారు. ప్రతి మగ ఉద్యోగీ తన వారపు ఉత్సాహాన్ని అంకెలో రాసి సీల్డు కవరులో ఇవ్వాలని తీర్మానమైంది.

పెద్దసారుగారు పది అని రాశారు. ఆ సంగతి కవరు అంటించకముందే బయటికొచ్చింది. పై అధికారిని మించడం క్రమశిక్షణ కాదు. హెడ్డు గుమాస్తాగారు తొమ్మిదిన్నర రాశారు. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ అర ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సీనియర్లు తొమ్మిది, జూనియర్లు ఎనిమిది, కొత్తగా చేరినవాళ్లు ఏడు. ఇలా సీనియారిటీ జాబితా ప్రకారం దిగుతూ వచ్చి అటెండరు దగ్గర మూడుతో ఆగింది. అటెండరు సాయంత్రం గ్రాముగారిని పట్టుకుని, "నాకు పెళ్లై ఏడాది కూడా కాలేదు సార్. అయినా మూడే పడింది. పైవాళ్లతో ఒక మాట చెప్పండి," అని వాపోయాడు.

గ్రాముగారు అంకెలన్నీ కూడారు. ఇరవై ఇద్దరికి వారానికి నూట ఎనభై రెండున్నర. ఈ లెక్క నిజమైతే వీళ్లలో సగంమందికి తిండి తినే తీరిక కూడా ఉండకూడదు. తన పేరు పక్కన సున్నా వేసి, దాని చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, సిగ్గుతో చచ్చిపోయారు. అంతమంది మగసింహాల మధ్య తనొక్కడే పనికిరానివాడని ఆయన మనసారా నమ్మారు. అంకెని అనుమానిస్తారు గాని సాటి ఉద్యోగిని అనుమానించడం ఆయనకి చేతకాదు.

బుధవారం నుంచి వేరే ముచ్చట మొదలైంది. స్వాధీనం చేసుకున్న దొంగ తూకాలు పడేసే గది ఒకటుంది. అందులో ఆయన పని చేసుకుంటుంటే ఒక్కొక్కరే లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేయసాగారు.

హెడ్డు గుమాస్తాగారు వచ్చి, "మా బావమరిది ఒకడున్నాడు లే. పాపం, వాడికి కూడా నీలాగే. డాక్టరమ్మ ఎక్కడుంటుందోయ్?" అన్నారు. ఆ బావమరిదికి కూడా యాభై ఎనిమిదేళ్లే, మోకాళ్ల నొప్పులేనట. తర్వాత వచ్చిన సీనియరుకి ఒక బాల్య స్నేహితుడున్నాడు. ఆ తర్వాతి వాడికి పక్కింటాయన. పెద్దసారుగారు స్వయంగా దిగి వచ్చి, తుప్పుపట్టిన తక్కెడ ఒకటి చేత్తో పట్టుకుని చూస్తున్నట్టు నటిస్తూ, "నాకు ముందు ఈ సీట్లో పనిచేసినాయనకి కాస్త ఇబ్బందిగా ఉండేదని విన్నాను. అలాంటివాళ్లకి ఏమన్నా మార్గముందా?" అని అడిగారు. గ్రాముగారు అందరికీ ఒకటే చెప్పారు. సెలవు, నిద్ర, భార్యతో చెప్పడం. మొదటి రెండూ వింటున్నప్పుడు వాళ్ల మొహాలు వెలిగాయి. మూడోది వినగానే తేలు కుట్టిన దొంగల్లా నోరెత్తకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి అటెండరు తమ్ముడితో కలిపి, ఇరవై రెండు మంది బంధుమిత్రుల జబ్బు గ్రాముగారికి తెలిసింది. ఈ ఊళ్లో ఉద్యోగులు ఎంత ఆరోగ్యవంతులో వాళ్ల బంధువులు అంత రోగిష్టివాళ్లని తెలిసి ఆయన చాలా జాలిపడ్డారు.

భార్యతో చెప్పక్కర్లేని మందొకటి కావాలని సంఘం గట్టిగా అనుకుంది. అదృష్టం కొద్దీ అది పక్క గదిలోనే ఉంది. కిందటి నెల గ్రాముగారే బజారులో పట్టుకున్న టానిక్కు సీసాలు నలభై ఎనిమిది. పైన రెండు కాళ్ల మీద లేచిన గుర్రం బొమ్మ. సీసా మీద రాసింది అర లీటరు, లోపల ఉన్నది నాలుగు వందల ఇరవై మిల్లీలీటర్లు. "కొలత తక్కువైతే గుణం చిక్కగా ఉండి ఉంటుంది," అని పెద్దసారుగారు శాస్త్రీయంగా తేల్చి, ప్రజాహితం దృష్ట్యా సభ్యులే ముందు పరీక్షించి చూడాలని ఆదేశించారు. సభ్యులు కాని వాళ్లు కూడా ప్రజాహితానికి ఎగబడ్డారు. గ్రాముగారు తాగలేదు. అది సాక్ష్యం, తాగకూడదు అన్నారు. ఇలాంటి మొండితనం వల్లే ఆయనకి ఆ గతి పట్టిందని నలుగురూ అనుకున్నారు.

గురువారం పదిన్నరకు ఫలితాల సమీక్ష. పెద్దసారుగారు లేచి, "మిత్రులారా, నిన్న రాత్రి నుంచి నాలో ఒక కదలిక..." అని అంతటితో ఆపి, ఫైలు పట్టుకుని గబగబా బయటికి నడిచారు. సంఘం ఉపాధ్యక్షుడు కొనసాగించబోయి ఆయనా వెళ్లారు. తర్వాత హెడ్డు గుమాస్తాగారు, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి మరీ. కార్యాలయంలో ఉన్నవి రెండే మరుగుదొడ్లు. ఒకదాని గడియ పనిచేయదు. పదకొండు గంటలకల్లా వరండాలో సీనియారిటీ జాబితా అమల్లో లేకుండా పోయింది. ఆ ఒక్కపూటే ఆ కార్యాలయంలో మనుషులంతా సమానులయ్యారు. "మందు అబద్ధమేమో గానీ అమ్మా, గుర్రం పరుగు మాత్రం నిజం," అన్నాడు అటెండరు కడుపు పట్టుకుని, టైపిస్టమ్మ పక్కనుంచి పరిగెడుతూ. మధ్యాహ్నం అందరూ తేటగా, నీరసంగా కూర్చుని, ఉత్సాహం అమోఘంగా పెరిగిందని సంతకాలు పెట్టారు.

ఇక మిగిలింది, ఎవరి లోపం ఎంతో, ఎంత నయమైందో రాసిచ్చే ధ్రువీకరణ ఫారం. గ్రాముగారు నమూనా రాసి టైపిస్టమ్మకిచ్చారు. ఆవిడ వేళ్లు మిషను మీద పెట్టి ఆగింది.

"సార్, సాక్షి గడి వేయలేదు."

"ఏం సాక్షి?"

"ఘటనా స్థలంలో ఉన్న సాక్షి సంతకం లేకుండా మన కాగితం ఏదీ చెల్లదు కదండీ? కిరాణా కొట్లో రాయి పట్టుకున్నా ఇద్దరిచేత పెట్టిస్తారు. దీనికి ఒక్కరన్నా వద్దూ?"

గ్రాముగారి మొహం వెలిగిపోయింది. నిబంధన అంటే నిబంధన. ఫారం చివర "ఘటనా స్థలమందు హాజరైయున్న సాక్షి (భార్య) వాంగ్మూలము, సంతకము" అని గడి వేయించి, ఇరవై మూడు ప్రతులు తీయించి, ఒక్కొక్కరి బల్ల మీద పెట్టించారు. సాయంత్రం అయిదింటికి పంచారు. అయిదుంపావుకి కార్యాలయంలో ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేవు.

శుక్రవారం పొద్దున్న గ్రాముగారు, టైపిస్టమ్మ తప్ప ఎవరూ రాలేదు. ఇరవై రెండు మందికి జ్వరం వచ్చింది. వచ్చిన చీటీలన్నిటి వెనకా తిరగేస్తే ధ్రువీకరణ ఫారాలే, ఖాళీగా. టైపిస్టమ్మ వాటిని సర్ది కట్టగట్టి, "మీది కూడా ఇస్తారా సార్, ఇందులోనే పెట్టేస్తాను?" అంది. గొంతులో వెటకారం లేదు. ఆవిడకి ఆయనంటే గౌరవమే.

గ్రాముగారు ఇవ్వలేదు. కన్వీనరు ఫారం ఇవ్వకపోతే సంఘం నివేదిక అసంపూర్ణం. పైగా రేపు శనివారం. మధ్యాహ్నమంతా కాలుగాలిన పిల్లిలా ఖాళీ హాల్లో తిరిగి, నాలుగింటికి ఫారం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచారు.

ముందుగదిలో ఆవిడ ఆఖరి జతకి అంచు కుడుతోంది. గోడ పక్కన పెట్టె సర్ది ఉంది. దాని మీద గొడుగు. ఆ గొడుగు చూడగానే గ్రాముగారు కొలతలకొచ్చిన ఆడవాళ్లు కూర్చునే స్టూలు మీద కూలబడ్డారు.

"ఒక సంతకం కావాలి," అన్నారు.

ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. లోపము యొక్క స్వభావము. లోపము ఏనాటి నుండి. లోపము తగ్గుదల మొత్తము. గడులు నింపిన ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఎక్కడా అర్థంకాకపోవడమంటూ లేదు.

"ఇది మీ ఆఫీసులో ఎంతమందికి తెలుసు?"

"ఇరవై ఇద్దరికి. టైపిస్టమ్మతో ఇరవై మూడు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"ఇవాళ శుక్రవారం."

"అవును."

"ఊరంతటికీ చెప్పాక నాకు చెబుతున్నారు. అదీ సంతకం కోసం!"

"డాక్టరమ్మ చీటీలో నువ్వు మూడో నెంబరు," అన్నారు గ్రాముగారు, ఉన్నమాట ఉన్నట్టు.

గుడ్డల మూట ఒకటి వచ్చి ఆయన మొహానికి తగిలింది. వెనకాలే ఇంకొకటి. కత్తెర చేతికొచ్చింది గాని ఆవిడే చూసుకుని పక్కన పెట్టింది. తర్వాత కూర్చుని భోరున ఏడ్చింది.

"ఎనిమిది నెలలండీ! లావయ్యాననుకున్నా. ముసలిదాన్నయిపోయాననుకున్నా. అన్నం తగ్గించా. జుట్టుకి రంగేశా. పొద్దున్నే లేచి ఆ అద్దం ముందు నిలబడి, నాలో ఏం పాడైపోయిందా అని వెతుక్కునేదాన్ని. ఎవత్తినో తగులుకున్నారేమోనని మీ చొక్కాలు వాసన కూడా చూశా. తుప్పు వాసన తప్ప ఏమీ లేదు!"

"అయ్యో, ఎవరూ లేరే! నీ మీద ఇష్టం లేక కాదు. నాకు దేని మీదా హుషారు లేదు. పొద్దున్నే లేవడం మీద కూడా లేదు." గ్రాముగారు మీద పడ్డ గుడ్డల మూట ఒళ్లోకి తీసుకున్నారు. "నీతో చెబితే నన్ను తక్కువగా చూస్తావేమోనని భయమేసింది. నువ్వు వెళ్లిపోతే నేను బతకలేను."

"తక్కువగా చూడటం మీ డిపార్టుమెంటు పని. నాకెందుకది?" అంది ఆవిడ ముక్కు చీదుతూ.

అప్పుడు వారమంతా జరిగింది ఆయన వరసగా చెప్పుకొచ్చారు. ప్రామాణిక భర్త దగ్గర ఆవిడ ఏడుపు ఆగింది. తొమ్మిదిన్నర దగ్గర, ఆ అర ఏమిటని అడిగింది. గుర్రం బొమ్మ దగ్గరికొచ్చేసరికి పొట్ట చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుంది. ఆవిడ నవ్వు చూసి ఆయనకీ నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వలేక, ఆపలేక చచ్చారు. పక్కింటివాళ్లు తలుపు తట్టి, అంతా బాగేనా అని అడిగి వెళ్లారు.

నవ్వు కాస్త తగ్గాక ఆవిడకి ఏదో తట్టింది.

"ఏవండీ, ఆ తొమ్మిదిన్నరగారి భార్య ఈ ఏడాది నా దగ్గర ఆరు జతలు కుట్టించుకుంది. మీ పెద్దసారుగారి భార్య మెడ మూడుసార్లు మార్పించుకుంది. అటెండరు పెళ్లాం కూడా నెలకోసారి వస్తోంది. ఇంతమందికి ఒక్కసారి ఇంత షోకు ఎందుకు పుట్టిందా అనుకున్నా." పూర్తయిన జతని ఒళ్లోకి తీసుకుని మడతపెట్టింది. "పాపం, వాళ్ల ఇళ్లలోనూ అద్దాలున్నాయి. ఈ పది రోజులూ కానివ్వండి, ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి చెప్తాను."

"ఏ పది రోజులు?"

"మీ సెలవు. ఎవరిచ్చేదేంటి, నేనిచ్చా," అని ఆవిడ ఫారం తీసుకుంది. లోపము వలన నష్టపోయిన వారెవరు అనే గడిని గ్రాముగారు ఖాళీగా వదిలేశారు. అందులో "ఇద్దరం" అని రాసి, కింద సంతకం పెట్టింది.

అద్భుతమేదీ జరగలేదని మనవి. ఆ రాత్రి ఇద్దరూ పడుకుని నిద్రపోయారు, అంతే. గ్రాముగారు తొమ్మిది గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయారు. పొద్దున్న బస్సు ఆవిడ లేకుండానే వెళ్లింది. పెట్టెలో సర్దిన బట్టలు మళ్లీ అలమరలోకి వెళ్లాయి. తలుపుకి ఒక అట్ట వేలాడింది, ఆవిడ చేతిరాతతో: "ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. పది రోజులు తలుపు కొట్టొద్దు." సంతకం పెట్టిన ఫారం టైపిస్టమ్మ ద్వారా కార్యాలయానికి చేరింది.

సోమవారం జ్వరాలు తగ్గి అందరూ డ్యూటీలో చేరారు. పెద్దసారుగారు ఫైలు కూలంకషంగా పరిశీలించి ఉత్తర్వు జారీ చేశారు. ఇరవై రెండు మంది ఉద్యోగుల విషయంలో ఏ సాక్షీ ఏ ఫిర్యాదూ చేయనందున వారికి సంపూర్ణ స్వస్థత చేకూరినట్టు ప్రకటించడమైనది. సాక్షి సంతకంతో జబ్బు రుజువైనవాడు ఒక్క కన్వీనరే గనుక, కార్యాలయంలో రోగి అతడొక్కడే. ఇంతేగాక, కార్యాలయ వ్యవహారాన్ని పై అధికారి అనుమతి లేకుండా సొంత భార్యకు వెల్లడించినందుకు ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసిందిగా అతణ్ని కోరడమైనది. ఉత్తర్వు చదివాక సభ జరిగింది. పెద్దసారుగారికి శాలువా కప్పారు. ఆయన మీసం దువ్వుకుని, "రోగాన్ని కాదు, రోగం ఉందన్న మాటనే నిర్మూలించాం!" అని గర్జించారు. కంటతడి పెట్టని మగవాడు లేడు.

ఉత్తర్వు ప్రతులు పదకొండు చోట్లకు వెళ్లాయి. రాజధానిలోని పై కార్యాలయానికి, నోటీసు బోర్డుకి, ఉద్యోగుల సంఘానికి, పాత ఫైలుకి, కొత్త ఫైలుకి, ఇలా ఎవరికీ లోటు చేయలేదు.

ఆ సాయంత్రం హెడ్డు గుమాస్తాగారి భార్య కొత్త గుడ్డ చంకన పెట్టుకుని కుట్టుమిషను ఇంటికి వెళ్లింది. తలుపు మీది అట్ట చదివింది. లోపల్నుంచి ఎవరో పకపకా నవ్వుతున్నారు. ఆవిడ ఏమీ తోచక వెనక్కొచ్చి మొగుణ్ని అడిగింది.

"వాళ్లకేమైందండీ?"

"ఆయనకి జబ్బు. ఆ వైపు వెళ్లకు," అన్నారు హెడ్డు గుమాస్తాగారు కొత్త కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఏం జబ్బు?"

"మగవాళ్ల సంగతులు. నీకెందుకవన్నీ? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం."

ఆవిడ లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుని, కుట్టించుకోలేకపోయిన గుడ్డని నడుముకి బిగించి అద్దంలో చూసుకుంది. ఇంకాస్త బిగించింది. తనలోనే ఎక్కడో ఏదో తగ్గిపోయిందని ఆవిడ అనుమానం. ఉత్తర్వు ప్రతి ఆవిడకు పంపలేదు. మీ ఇంట్లో ఆవిడకు కూడా ఇంతవరకు అందలేదనే మాకు తెలిసింది.